సగం కోసిన ఫోటో

నాయెఫ్ బాబాయి ఇల్లు కూల్చిన వారంలోనే మా తమ్ముడి ఫోటో వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా.

ఆ ఇల్లు కట్టింది మా నాన్నే. ఆయన తాపీమేస్త్రీ. గలిలయ కొండల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చెయ్యి పడని వీధి లేదు. స్థలం మా తాతది, కాగితాలన్నీ ఉన్నాయి. కానీ మాలాంటి అరబ్బుల ఊళ్లలో హద్దు దాటి కట్టుకోడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వదు, హద్దు లోపల జాగా లేదు. బాబాయి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి కొడుకుకి పెళ్లీడు దాటిపోతోందని కట్టేశాడు. నోటీసు అంటించారు. కోర్టుకెళ్లాం, ఓడిపోయాం. ఫిబ్రవరిలో ఒక వానపొద్దున పోలీసు బళ్లు, వాటి వెనక బుల్డోజరు వచ్చాయి. బాబాయి భార్య రస్మియ్యా పిన్ని కిటికీ పరదాలు విప్పుకోనివ్వమని బతిమాలింది. నాన్న రోడ్డుకి ఇవతల నిలబడి చూశాడు. బుల్డోజరు మొదటి గోడ మీదికి వెళ్తుంటే డ్రైవరుకి వినబడేలా అరిచాడు: "అటు కాదు, ముందు ఈ మూల కొట్టండి! అటు కొడితే కరెంటు స్తంభం పక్కింటి మీద పడుతుంది." డ్రైవరు అలాగే చేశాడు. నాన్న నోరు తెరిచింది ఆ ఒక్కసారే.

ఫోటో జర్మనీ నుంచి వచ్చింది. హాంబర్గ్‌లో ఉండే మా మేనత్త కొడుకు మెట్రో స్టేషన్లో ఒక ప్రకటన చూసి, సెల్‌తో తీసి, "ఇది మన వజ్దీ కాదూ?" అని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వాడికి లోకజ్ఞానం తక్కువ. నిలువెత్తు బొమ్మలో మా తమ్ముడు వజ్దీ తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. పక్కన ఇంకో కుర్రాడు వాడి మెడ చుట్టూ చెయ్యేసి, చెంపకి చెంప ఆనించి ఉన్నాడు. వెనక ఇంద్రధనుస్సు జెండాలు. కింద పెద్ద అక్షరాలతో జర్మన్‌లో ఒక వాక్యం. ఈ ప్రాంతం మొత్తంలో ఇతను భయం లేకుండా ప్రేమించగలిగేది మా దేశంలోనే, అని దాని అర్థం. దాని కింద ప్రభుత్వం ముద్ర.

వజ్దీ హైఫాలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ప్రతి శుక్రవారం ఇంటికొచ్చేవాడు. వచ్చాడంటే మా వరండా ఆసుపత్రే. ఊళ్లో సగంమంది నడుములు, మోకాళ్లు వాడి చేతుల మీదుగా బాగుపడ్డవే. వాడెందుకు పెళ్లి చేసుకోవట్లేదో ఊరికి తెలుసు. ఊరికి తెలుసని మాకూ తెలుసు. ఎవరూ అనరు. అనకపోవడమే మా ఊళ్లో మర్యాద. ఆ మర్యాద నీడలోనే వాడు ముప్ఫై దాటే దాకా తల వంచుకోకుండా తిరిగాడు. నాకు మాత్రం వాడే చెప్పాడు, చాలా ఏళ్ల కిందట. ఇలియాస్ అనే అతను ఉన్నాడని, హైఫావాడని, క్రైస్తవుడని, నోరు మూతపడని మనిషని.

ఆ రోజు నేను బడిలో పాఠం చెబుతుండగా వజ్దీ ఫోన్ చేశాడు.

"అక్కా, నాన్న చూశాడా?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. మేడెక్కి నీళ్ల ట్యాంకు కడుగుతున్నాడట, అమ్మ చెప్పింది."

"ఈ చలిలోనా?"

"ఈ చలిలోనే."

వజ్దీ వైపు తలుపు మూసిన చప్పుడు వినబడింది. తర్వాత, "ఆ బొమ్మ నన్నడిగి వెయ్యలేదక్కా. నాకు తెలీదు. ఒట్టు," అన్నాడు.

ఊళ్లో మాట నేననుకున్నట్టు రాలేదు. మగాడూ మగాడూ ఏమిటని ఎవరూ నోరు నొక్కుకోలేదు. బాబాయి కొడుకు వీధిలో అందరూ వినేలా అన్నది ఇంకోటి. "ఆ సంగతి మాకెప్పుడో తెలుసు. వాడి బతుకు వాడిది. కానీ వాళ్ల ప్రకటనలో నిలబడతాడా? మా ఇల్లు కూల్చినవాళ్లకి పళ్లికిలించి ఫోటో ఇస్తాడా?" రస్మియ్యా పిన్ని ఇంకా ఘాటుగా అంది. ఇల్లు పోయాక వాళ్లు మా కింది వాటాలోనే ఉంటున్నారు. ఆమె మెట్లెక్కి వచ్చి ఫోన్ అమ్మ మొహం దగ్గర పెట్టింది. "చూడమ్మా చూడు. నా గోడలు కూలుతుంటే నీ కొడుకు ఎంత బాగా నవ్వుతున్నాడో చూసుకో." అమ్మ స్టవ్ మీద పప్పు అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. అది మాడి అడుగంటింది.

మాలో పెద్దకొడుకు పేరే తండ్రిని అంటిపెట్టుకుంటుంది. వజ్దీ పుట్టినప్పటి నుంచి నాన్నని అందరూ అబూ వజ్దీ అనే పిలుస్తారు, వజ్దీ నాన్న అని. ఆ శుక్రవారం వజ్దీ ఇంటికి రాలేదు. నాన్న మసీదు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ అమ్మతో అన్నాడు: "ఇవాళ నన్ను తౌఫీక్ అని పిలిచారు."

"ఎవరు?"

"ఎవరైతేనేం. మర్యాదగానే పిలిచారు."

కొడుకు పేరు పలక్కుండా తనకి మేలు చేస్తున్నామనుకునే వాళ్లు అలా పిలిచారని ఆయనకి అర్థమైంది. అందుకే మరీ గుచ్చుకుంది.

మర్నాడు షుక్రీ వచ్చాడు. మా ఊరి కౌన్సిల్ సభ్యుడు, ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. కాఫీ తాగి, మీసం తుడుచుకుని, గొంతు తగ్గించాడు. "అబూ వజ్దీ, దీనికి మందుంది. అది కంప్యూటర్లో అతికించిన బొమ్మ. మన పిల్లల మొహాలు దొంగిలించి ఇలాంటి మురికి పూస్తున్నారని విలేకర్లని పిలిచి చెబుదాం. నేను మాట్లాడతాను. వజ్దీ నా పక్కన కూర్చుని రెండు ముక్కలంటే చాలు. అది నేను కాదు, మాలో అలాంటివాళ్లు లేరు. అంతే. మీ పరువు నిలుస్తుంది, మీ తమ్ముడి ఇంటి సంగతీ పేపర్లో పడుతుంది."

అమ్మ కళ్లలో వెలుగొచ్చింది. ఆ వెలుగు చూసి నాకు భయమేసింది. నాన్న, "వాణ్ణి అడగాలి," అన్నాడు.

"అడగడమేమిటి, తండ్రి మీరు, చెప్పండి!" అన్నాడు షుక్రీ.

"వచ్చే శుక్రవారం వాడొచ్చాక చెబుతాం," అన్నాడు నాన్న, ఖాళీ కప్పు అందుకుంటూ.

నేను ఫోన్ చేసి వజ్దీకి అదంతా చెప్పాను. వాడు విని, "నీకొకటి పంపుతున్నాను, చూడు," అన్నాడు. అదే ఫోటో, అసలుది. పోయిన జూన్‌లో హైఫాలో ఇంద్రధనుస్సు జెండాల ఊరేగింపు రోజున ఎవరో తీసి ఇంటర్నెట్లో పెట్టింది. ప్రకటనలో కుడిపక్క కోసేసిన భాగం ఇందులో ఉంది. వజ్దీ ఒక చెయ్యి పైకెత్తి ఒక అట్ట పట్టుకున్నాడు. దాని మీద వాడి గొలుసుకట్టు రాత: "మా బాబాయి ఇల్లు కూల్చి నా చేతికి జెండా ఇవ్వకండి."

"మరి ఇది గ్రూపులో పెట్టెయ్యరా! ఇంకేం కావాలి? అందరి నోళ్లూ మూతపడతాయి."

"పెడితే ఆ ఫోటో నిజమని నేనే చెప్పినట్టు కదక్కా. పక్కనున్నవాడు నిజం. చెంప నిజం. షుక్రీ చెప్పిన దారి మూసుకుపోతుంది. అమ్మకి ఏం చెప్పను?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ముందు ఆ ప్రకటన తీయించాలని వజ్దీ పట్టుబట్టాడు. టెల్ అవీవ్‌లో ఒక చిన్న ప్రచార కంపెనీ దాన్ని ప్రభుత్వం తరఫున తయారు చేసిందని తెలిసింది. వాడికి కోపమొస్తే మాట తడబడుతుంది, అందుకని నన్ను తోడు రమ్మన్నాడు. బడికి సెలవు పెట్టి వెళ్లాను.

మమ్మల్ని కలిసినావిడ పేరు ఓస్నత్. నలభై ఉంటాయి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బల్ల మీద ఒక పాప ఫోటో, పాపని ఎత్తుకున్న ఇంకో ఆవిడ ఫోటో. వజ్దీని చూడగానే లేచి రెండు చేతులూ చాచింది. తెలిసినవాణ్ణి చూసినట్టు ఆమె మొహం విప్పారింది. పాపం, నెలల తరబడి ఆ మొహాన్ని చూస్తూ పనిచేసింది కదా.

వజ్దీ చెప్పాల్సింది చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

"మిమ్మల్ని అడగాల్సింది, అది తప్పే," అంది. "ఫోటో హక్కులు కొన్నామన్నారు మావాళ్లు, నేను నమ్మాను. కానీ ఒక్క మాట చెప్పనివ్వండి. నాకు పదహారేళ్లప్పుడు అలాంటి ఫోటో ఒక్కటి ఎక్కడైనా కనబడి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. ఆ నవ్వు చూసి ఎంచుకున్నాను నేను. అందులో అబద్ధముందా? మీరు హైఫాలో అలా నడిచారా లేదా? మీవాళ్లే ఏలే రమల్లాలో నడవగలరా?"

"నడవలేను," అన్నాడు వజ్దీ. "హైఫాలో నాకు ఊపిరాడుతుంది, కాదనను. కానీ పోయిన వారం దాకా మా ఊళ్లో కూడా ఆడేది. మీరు బొమ్మ వేశారు, అక్కడ ఆగిపోయింది. భయం లేకుండా అని కింద రాశారే, ఇప్పుడు నాకు భయం పట్టుకుంది."

ఆమె చూపు దించుకుంది.

"ఆ అట్టెందుకు కోశారు?" అని నేనడిగాను.

"స్థలం సరిపోక," అంది. వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు. అది ఉంటే పైవాళ్లు ఒప్పుకోరు." ముందుకి వంగింది. "ఒక పని చేద్దామా? మీరు వీడియోలో మాట్లాడండి. ఇల్లు కూల్చారని చెప్పండి, అట్ట చూపించండి, ప్రభుత్వాన్ని తిట్టండి. నేను పైవాళ్లతో పోట్లాడి వేయిస్తాను. ఈ దేశంలో ఇలా తిట్టే స్వేచ్ఛ కూడా ఉందని లోకానికి తెలుస్తుంది."

వజ్దీ నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది వాడికి. "అంటే నా అట్ట కూడా మీ ప్రకటనే అవుతుందన్నమాట."

ఓస్నత్ మొహం ఎర్రబడింది. "నన్ను మాత్రం వాడుకోవట్లేదనుకుంటున్నారా?" అంది మెల్లగా. "మేమిద్దరం పెళ్లి చేసుకోడానికి పరాయి దేశం వెళ్లాం. ఇక్కడ చేసేవాడు లేడు. నేను కన్న పిల్లని తన పేర రాయించుకోడానికి తను కోర్టుల చుట్టూ తిరిగింది. జెండాల పండక్కి మాత్రం మా ముగ్గురి ఫోటో కావాలంటారు పైవాళ్లు. నవ్వి ఇస్తాం. ఇస్తూ ఉంటే ఎప్పటికైనా మాట నిజం చేస్తారని."

వజ్దీ బొమ్మ తీయించమని మాత్రం మళ్లీ అడిగాడు. ప్రయత్నిస్తానంది. తలుపు దాకా వచ్చింది, చెయ్యి ఇవ్వబోయి, ఇవ్వనా వద్దా అని ఆగిపోయింది. వజ్దీయే చెయ్యి చాచాడు.

తిరుగు రైల్లో సముద్రం పక్కనే వస్తుంటే వాడు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. "ఇద్దరికీ నా మొహమే కావాలక్కా. ఒకళ్లకి నేనున్నానని చెప్పడానికి, ఒకళ్లకి లేనని చెప్పడానికి."

"నువ్వేం చేస్తావు?"

"రేపు ఇంటికొస్తాను," అన్నాడు.

మర్నాడు శుక్రవారం. వజ్దీ బస్సు దిగి ఇంటికి రాలేదు, నేరుగా బాబాయి స్థలానికి వెళ్లాడు. నాన్నా బాబాయీ శిథిలాల్లో పగలని ఇటుకలు ఏరి ఒక పక్క పేరుస్తున్నారు. అన్నదమ్ములిద్దరూ దుమ్ముకొట్టుకుపోయి ఒకే రంగులో ఉన్నారు. నేను వజ్దీ వెనకే ఉన్నాను. వాడు సంచిలోంచి అసలు ఫోటో తీసి నాన్న చేతికిచ్చాడు. స్టూడియోలో పెద్దది చేయించాడు.

నాన్న చేతులు ప్యాంటుకి తుడుచుకుని తీసుకున్నాడు. దూరంగా పట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. బాబాయికిచ్చాడు.

"ఇదెప్పటిది?" అన్నాడు బాబాయి.

"పోయిన జూన్‌ది. మీకు నోటీసు అంటించిన కొత్తల్లో."

"నా ఇంటి కోసం హైఫా వీధుల్లో అట్ట పట్టుకుని తిరిగావా? నాకు చెప్పలేదేంరా?"

"చెబితే ఎక్కడ పట్టుకున్నానో కూడా చెప్పాలి కదా బాబాయ్."

బాబాయికి నవ్వొచ్చినట్టుంది, దగ్గుతో కప్పుకున్నాడు. నాన్న నవ్వలేదు.

"షుక్రీ మాట మీ అక్క చెప్పిందా?"

"చెప్పింది."

"ఏమంటావు?"

"ఆ బొమ్మలో ఉన్నది నేనే నాన్నా. అట్టా నాదే. పక్కనున్నవాడూ నావాడే."

నాన్న చేతిలో ఇటుక ముక్క ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. "ఒక్క మాటేరా. కాదని ఒక్క మాటంటే ఈ గోలంతా పోతుంది. నా కోసం వద్దు, మీ అమ్మ కోసం అను. మనిషి తిండి మానేసింది."

"వాళ్లు అట్ట కోసేశారు. మీరు ఇలియాస్‌ని కోసెయ్యమంటున్నారు," అన్నాడు వజ్దీ. ఈసారి మాట తడబడలేదు. "ఇంక ఆ ఫోటోలో నేనెంత మిగులుతాను నాన్నా?"

పై రోడ్డు మీద ట్రాక్టరొకటి వెళ్లింది. నాన్న ఇటుక ముక్క కింద పెట్టాడు.

"నాకిది అర్థం కాదు," అన్నాడు. "అర్థం చేసుకోమని అడక్కు. ఆ అబ్బాయిని ఈ ఊళ్లోకి తీసుకురాకు."

"సరే."

"షుక్రీకి నేను చెబుతాను."

"ఏమని?"

"మావాడు అబద్ధం చెప్పనన్నాడని." అంతే, వంగి మళ్లీ ఇటుకలు ఏరడం మొదలుపెట్టాడు.

వజ్దీ అక్కడే నిలబడిపోయాడు. బాబాయి కసిరాడు: "మొద్దులా నిలబడతావేం? ఆ కమ్మీలు వంగిపోయాయి, సాగగొట్టు. జనం నడుములు సరిచేస్తావుగా, కమ్మీలు రావా?" వాడు చొక్కా చేతులు మడిచి సుత్తి తీసుకున్నాడు. రస్మియ్యా పిన్ని కాఫీ తెచ్చింది. కప్పు ఒకటి తక్కువొచ్చింది. లెక్క తప్పిందో, ఆమె లెక్కే అదో నేను చెప్పలేను. బాబాయి తన కప్పులో సగం తాగి మిగతాది వజ్దీకిచ్చాడు. పిన్ని చూసింది.

ఆ సాయంత్రమే వజ్దీ అసలు ఫోటోని తన పేరుతో ఇంటర్నెట్లో పెట్టాడు. కింద రెండే వాక్యాలు రాశాడు: ఇది నా ఫోటో. ఇలా ఉంటుంది, మొత్తం.

ఆ తర్వాత జరిగిందంతా మంచే అనలేను. విశ్వాసం లేనివాడివి, గాజాకి పోయి పట్టుకో నీ అట్ట, చూద్దాం అని ఒక వైపు వాళ్లు రాశారు. జాతి పరువు తీశావని ఇంకో వైపు. షుక్రీ వజ్దీ లేకుండానే విలేకర్లని పిలిచాడు. అసలు ఫోటో కూడా అతికించిందే, కుటుంబాన్ని బెదిరించారు పాపం అన్నాడు. ఎన్నికల్లో గెలిచాడు కూడా. ఆసుపత్రిలో ఒకాయన వజ్దీ చేత చెయ్యి వేయించుకోనని వేరేవాళ్లని అడిగాడు. మా ఊళ్లో నాలుగైదు ఇళ్లవాళ్లు మా వరండాకి రావడం మానేశారు. మిగతావాళ్లు కొన్ని వారాలు ఆగి వచ్చారు. మోకాలు నొప్పి పరువు చూసుకోదు.

ప్రకటన తీసేశామని ఓస్నత్ నుంచి కబురొచ్చింది. నిజమే, వజ్దీ బొమ్మ తీసేశారు. హాంబర్గ్ మెట్రోలో అదే వాక్యం మీద ఇంకో కుర్రాడి బొమ్మ పెట్టారని మా మేనత్త కొడుకు రాశాడు. ఈసారి గ్రూపులో పెట్టలేదు, నాకొక్కదానికే పంపాడు. కొంత బుద్ధొచ్చింది వాడికి. ఆ కుర్రాడెవరో, వాణ్ణి అడిగారో లేదో, వాడికీ ఒక ఊరుందో లేదో నాకు తెలియదు. ఆ నవ్వు మాత్రం బాగుంది.

వేసవిలో బాబాయి మళ్లీ ఇల్లు మొదలుపెట్టాడు. అనుమతి ఇప్పుడూ లేదు. శుక్రవారాల్లో ఊరి మగవాళ్లు సాయానికి వచ్చేవారు. వజ్దీ తట్ట ఎత్తుకోగానే వాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు పారలు పడేసి వెళ్లిపోయారు. బాబాయి వాళ్ల వెనకాల చూసి, "వెళ్తే వెళ్లారు. వాళ్లు కలిపే సిమెంటు మజ్జిగలా ఉంటుంది," అన్నాడు. కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు, కానీ పని ఆగలేదు. గోడలు కిటికీల ఎత్తుకి లేచాక కొత్త నోటీసు అంటించారు. మళ్లీ కోర్టుకెళ్లాం.

అమ్మ మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. ఒక రోజు కంటి డాక్టరుకి చూపించాలని నన్ను హైఫాకి తీసుకెళ్లమంది. చూపించుకుని బయటికొచ్చాక, "ఆ అబ్బాయి ఏం పని చేస్తాడు?" అని అడిగింది. ఏ అబ్బాయి అని నేనడగలేదు. సోఫాలకి గుడ్డ వేస్తాడని చెప్పాను. "దుకాణం దూరమా?" అంది.

ఇలియాస్ నోట్లో మేకులు పట్టుకుని కుర్చీ బిగిస్తున్నాడు. నేనెవరో తెలుసు, కాబట్టి పక్కనున్నదెవరో తెలిసిపోయింది. మేకులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నోరు మూతపడని మనిషని విన్నాను, ఒక్క మాట పెగల్లేదు. అమ్మ దుకాణమంతా కలియజూసి, మామూలు గిరాకీలా, "మా సోఫా చిరిగిపోయింది. గుడ్డ మార్చాలి," అంది.

"కొలతలు తీసుకోవాలి పిన్నిగారూ," అన్నాడు. "ఇంటికొచ్చి" అనబోయి ఆగిపోయాడు.

"కొలతలు నేను తెస్తాను," అంది అమ్మ.

ఇంటికొచ్చాక నాన్నని టేపు తెమ్మంది. ఆయన సోఫా ముందు మోకాళ్ల మీద కూర్చుని పొడవు, వెడల్పు, వీపు ఎత్తు కొలిచి చెబుతుంటే నేను రాసుకున్నాను. ఎవరు చేస్తారని అడిగాడు. హైఫాలో ఒక పనివాడు, అంది అమ్మ. నాన్న ఆమె మొహం వైపు చూశాడు, తర్వాత నా వైపు. నేను కాగితం మీదికి వంగాను. ఆయన టేపు మళ్లీ లాగి చేతులున్న వైపు ఇంకోసారి కొలిచాడు.

"అన్నిటికీ నాలుగు వేళ్లు ఎక్కువ రాయి," అన్నాడు. "గుడ్డ చాలకపోతే అతనికి ఇబ్బంది."